మామయ్యగారి మోడల్

నా టాప్ మోడల్ ఫోను తొమ్మిదో అంతస్తు నుంచి పడి పోయింది. ఆ సమయంలో దాని దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను కాబట్టి నేరం ఇంకొకరి మీదికి నెట్టే వీలు కూడా లేకపోయింది.

నేను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తాను. నలభై రెండు భవనాల లిఫ్టులు నా చేతి కింద ఉన్నాయి. ప్రతి లిఫ్టులోనూ మీటల పక్కన ఒక స్టిక్కరు ఉంటుంది. ‘ఇబ్బంది కలిగితే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని. ఆ నంబరు నాది. కొత్తగా చేరినవాళ్ళకి జాగ్రత్తల క్లాసు చెప్పేది కూడా నేనే. ‘లిఫ్టు తిరిగే షాఫ్టు దగ్గర వంగేటప్పుడు చొక్కా జేబులో ఏమీ ఉండకూడదు’ అన్నది ఆ క్లాసులో మొదటి మాట. పదకొండేళ్ళుగా చెబుతున్నాను. అడ్డంగా తలూపేవాళ్ళు ఉంటే రెండోసారి చెబుతాను.

ఆ రోజు తలుపు జారే గాడిలో చెత్త ఇరుక్కుందని తొమ్మిదో అంతస్తులో వంగాను. చొక్కా జేబులో ఫోను ఉంది. నేను వంగాను, అది జారింది. దారిలో ఇనప పట్టీలకి రెండుసార్లు తగిలిన చప్పుడు విన్నాను. మూడో చప్పుడు రావడానికి ఎంత సేపు పట్టిందంటే, ఈ లోపల అది ఎక్కడైనా మెత్తగా ఆగిందేమోనని ఆశపడే తీరిక దొరికింది నాకు.

షాఫ్టు అడుగున గోతిలోకి దిగి చూస్తే అది నూనె మరకల మధ్య బోర్లా పడి ఉంది. తిప్పాను. వెనకాల ఉన్న మూడు కెమెరాల్లో ఒకటి మాత్రం చెక్కుచెదరలేదు. ముందువైపు గురించి చెప్పడానికేమీ లేదు.

ఆ ఫోను గురించి ఒక మాట చెప్పాలి. అది చేతిలో ఉన్నన్నాళ్ళూ నేను ఏ గదిలోకి వెళ్ళినా దాన్ని బల్ల మీద కెమెరాలు పైకి ఉండేట్టు పెట్టేవాణ్ణి. ఎవరైనా ‘కొత్తదా?’ అంటే చాలు, ముప్పావుగంట నాది. ఆఫీసులో నాకు ‘మూడు కళ్ళు’ అని పేరు పెట్టారు. వెక్కిరింతని తెలుసు. అయినా ఆ పేరుతో పిలిచినప్పుడల్లా లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి.

రిపేరు దుకాణంలో చెప్పిన ఖర్చుతో ఇంకో ఫోనే వచ్చేట్టుంది. ఇంటికొచ్చి ఆ సంగతి మా ఆవిడతో చెప్పాను. ఆమె ఒక బడిలో లైబ్రేరియన్. పుస్తకాలకి అట్టలు వేస్తూనే వింది.

“మా నాన్న దగ్గరున్న మోడల్ తీసుకోండి. బాగుంటుందని షాపులో గంటసేపు చెప్పింది మీరేగా” అంది.

“ఆయన వాడకానికి చాలన్నాను.”

“మీ వాడకం ఏమిటో చెప్పండి మరి.”

ఆలోచించాను. “ఫోన్లు ఎత్తడం. మెషిన్ రూముల్లో వైర్లు ఫోటో తీయడం. చందమామని దగ్గరగా తీయడం.”

“చందమామని ఎన్నిసార్లు తీశారు?”

“రెండుసార్లు.”

“అందులో ఒకటి వీధి దీపం” అంది, అట్ట మడత మీద గోరుతో గీస్తూ.

మా మామగారి ఫోను కథ కూడా ఇక్కడే చెప్పేస్తాను. అంతకు ముందు ఏడాది ఆయనకి ఆ మధ్యరకం ఫోను కొనిపెట్టింది నేనే. షాపులో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ప్రాసెసరు అంటే ఏమిటో, కెమెరాలో ఏది తక్కువో వివరించాను. చివరికి “మీ వాడకానికి ఇది చాలు మామయ్యగారూ” అని తీర్పిచ్చాను. ఫోను మోగితే పచ్చ గుర్తుని ఎటు జరపాలో వేలు పట్టుకుని మరీ చూపించాను. మా మామగారు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై నాలుగేళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళకి ఊళ్ళు కలిపిన మనిషి. నేను చెప్పిందంతా విని “అలాగా” అన్నారు. ఆయన ఏ విషయానికైనా “అలాగా” అంటారు. దాని వెనకాల ఏముందో తెలుసుకునే తెలివి నాకు ఇప్పటికీ రాలేదు.

మొత్తానికి అదే మోడల్ కొన్నాను. రంగు మార్చుదామంటే నల్లది తప్ప లేదన్నారు. డబ్బాతో పాటు ఇచ్చిన పారదర్శకమైన కవరు కూడా ఆయనదీ నాదీ ఒకటే.

మర్నాడు పొద్దున మామగారు నడక ముగించుకుని ఎప్పటిలాగే కాఫీకి మా ఇంటికొచ్చారు. ఆయనది రెండు వీధుల అవతలి ఇల్లు. వచ్చినప్పుడు ఫోను మా దగ్గరే చార్జింగుకి పెట్టుకుంటారు. వాళ్ళింట్లో ప్లగ్గు వదులైంది. కరెంటు పని తెలిసిన అల్లుడొకడు ఉన్నాడు గాని, ‘రేపు చూస్తాను’ అని ఏడాదిగా అంటున్నాడు.

బల్ల మీద నా ఫోను చూసి చేతిలోకి తీసుకున్నారు. “ఇది నాదేనా?”

“కాదండీ, నాదే.”

అటూ ఇటూ తిప్పి చూశారు. “అలాగా. మరి నీ వాడకానికి చాలుతుందా బాబూ?”

ముఖంలో ఎగతాళి ఉందేమోనని వెతికాను. కనిపించలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆఫీసులో ఎవరైనా అడిగితే చెప్పాల్సిన జవాబు తయారు చేసుకున్నాను. ‘నాది సర్వీసులో ఉంది. స్క్రీను విదేశాల నుంచి రావాలి. ఇది మా మామగారి ఫోను, అవసరానికి తెచ్చుకున్నాను.’ స్కూటరు మీద వెళుతూ నాలుగుసార్లు వల్లెవేశాను. మొదటి రోజు ఎవరూ అడగలేదు. రెండో రోజు కావాలని బల్ల మీద బోర్లా పెట్టాను. ఎవరూ చూడలేదు. మూడో రోజు భోజనాల దగ్గర ఉండబట్టలేక, “ఈ ఫోను చేతికి అలవాటు కాలేదు” అని నేనే మొదలుపెట్టాను. మా మేనేజరు పెరుగు కలుపుకుంటూ తలెత్తి, “ఫోను మార్చావా?” అన్నాడు. తయారుగా ఉంచుకున్న జవాబంతా ఒక్క గుక్కలో అప్పజెప్పాను. “ఓహో” అని మళ్ళీ తలదించుకున్నాడు. అంత అబద్ధమూ ఎవరూ అడక్కుండానే ఆడాను.

నిజం ఒప్పుకోవాలంటే కొత్త ఫోనుతో నాకు లోటేమీ కలగలేదు. మాటలు వినిపించాయి. వైర్ల మీద నంబర్లు ఫోటోలో కనిపించాయి. చార్జింగు రెండు రోజులు నిలిచింది. పోయిందల్లా దాని గురించి మాట్లాడే అవకాశం ఒక్కటే.

రెండు వారాలు గడిచాక ఒక మంగళవారం నాడు, కాఫీ తాగి ఎవరి ఫోను వాళ్ళు తీసుకున్నామనుకుని బయల్దేరాం. నేను ఊరి చివర కొత్త భవనానికి వెళ్ళాను. పదిన్నరకి జేబులో ఫోను మోగింది. స్క్రీను మీద ‘పొద్దుటి నడక – కుంటికాలాయన’ అని ఉంది. ఎత్తితే ఎవరో పెద్దాయన. “ఏమయ్యా, రేపు ఆరింటికేనా?” అన్నాడు. అప్పుడు అర్థమైంది, నా చేతిలో ఉన్నది మామగారి ఫోనని. దానికి తాళం కూడా లేదు. పెట్టడం నేర్పిద్దామని అప్పట్లో మొదలుపెట్టాను గాని, ఆయన మధ్యలో కునుకు తీశారు.

వెంటనే నా నంబరు నొక్కాను. నొక్కగానే స్క్రీను మీద నా పేరు వచ్చింది. అంటే, ఆయన నాకు పెట్టుకున్న పేరు: ‘అల్లుడు – తీరిక ఉన్నప్పుడు’.

ఆ మాటల్ని కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను. నాకు తీరిక ఉన్నప్పుడు చేయాలని రాసుకున్నారేమో, ఎంత మర్యాద అనుకున్నాను మొదట. తరువాత ఇంకో అర్థం తట్టింది. తీరిక ఉండాల్సింది ఆయనకి.

అవతల లైను ఖాళీ లేదంది. రెండు నిమిషాలాగి మళ్ళీ చేశాను. ఖాళీ లేదు. మూడోసారీ అంతే. ఎత్తడం తెలిసింది గాని పెట్టెయ్యడం తెలియలేదు కాబోలు ఈయనకి, మళ్ళీ నేర్పించాలి అని విసుక్కుంటూ ఉండగా ఫోను మోగింది. స్క్రీను మీద ‘ఇల్లు’ అని ఉంది. మా మామగారి ఇంట్లో ఇంకా తీగ ఫోను ఉంది. నెలకోసారి దాన్ని తీసేయమని నేను చెబుతుంటాను. ఆయన “అలాగా” అంటారు.

“బాబూ, రాసుకో” అన్నారు. అది నాకు తెలిసిన మామగారి గొంతు కాదు. తడబాటు లేని, ఎక్కువా తక్కువా కాని గొంతు. భవనం పేరు, రెండో బ్లాకు, నాలుగుకీ అయిదుకీ మధ్య లిఫ్టు ఆగింది, లోపల ఒకావిడ ఒక్కతే, లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరగడం లేదు, ఆరోగ్యం బాగానే ఉంది. “నీ నంబరుకి చేసింది. నీది నా దగ్గరుంది. రెండో చెవిలో ఆవిడే ఉంది. నువ్వు చేరడానికి ఎంతసేపు పడుతుంది?”

“పది నిమిషాల్లో వస్తున్నానని చెప్పండి.”

“అది వాళ్ళకి చెప్పేది. నాకు నిజం చెప్పు.”

నేను ఎవరికైనా పది నిమిషాలనే చెబుతాను. ఎక్కడున్నా పది నిమిషాలే. “ఇరవై అయిదవుతుంది మామయ్యగారూ.”

“సరే. స్కూటరు నెమ్మదిగా నడుపు. ఆవిడకి నేనున్నాను” అని పెట్టేశారు. పెట్టెయ్యడం బాగానే తెలుసు.

ఇరవై నాలుగో నిమిషంలో చేరాను. సెక్యూరిటీ అతన్ని వెంటబెట్టుకుని పైన మెషిన్ రూముకి పరుగెత్తి, కరెంటు ఆపి, బ్రేకు వదులుచేసి లిఫ్టుని కొంచెం కొంచెంగా నాలుగో అంతస్తుకి దించాను. కిందికొచ్చి తాళంచెవితో తలుపు తెరిచాను. లోపల ఉన్నవాళ్ళు మామూలుగా నా మీద పడ్డంత పని చేస్తారు. ఏడుస్తారు, లేకపోతే తిడతారు. ఎక్కువమంది తిడతారు. నేనూ దానికి సిద్ధపడే తెరిచాను.

ఆవిడ నేల మీద చేతిసంచి వేసుకుని, గోడకి ఆనుకుని హాయిగా కూర్చుని ఉంది. ఫోను స్పీకరు మీద ఉంది. నన్ను చూసి అరచెయ్యి ఎత్తింది.

“ఒక్క నిమిషం ఆగండి. చెప్పనివ్వండి.”

తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. స్పీకరులో మామగారు మాట్లాడుతున్నారు.

“...అలా ప్రతి ఆదివారం ఆయన భార్యకి ట్రంక్ కాల్ బుక్ చేసేవాడమ్మా. మూడు నిమిషాలు. ఆ వారం ఇద్దరికీ ఉత్తరాల్లో ఏదో తగాదా అయినట్టుంది. లైను కలిపాను. హలో అని ఇద్దరూ అన్నారు. అంతే, ఇక మాట లేదు. లైను తెగిందేమోనని చెవి పెట్టాను. తెగలేదు, ఇద్దరి ఊపిరీ వినబడుతోంది. మూడు నిమిషాలూ అలాగే అయిపోయాయి. రూలు ప్రకారం నేను మధ్యలోకి రావాలి. ‘మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా?’ అన్నాను. ఇద్దరూ ఒకేసారి ‘పొడిగించండి’ అన్నారు.”

ఆవిడ నవ్వింది. సెక్యూరిటీ అతను కూడా నా భుజం మీంచి తొంగి చూశాడు.

“తరువాత?” అంది ఆవిడ.

“తరువాత ఇంకో రెండు నిమిషాలు అదే వరస. ఆఖరికి ఆవిడ అడిగింది, ‘భోజనం చేశారా?’ అని. అప్పుడు నేను లైన్లోంచి తప్పుకున్నాను. ఇంతకీ మా వాడు వచ్చినట్టున్నాడు, తలుపు చప్పుడైంది.”

“వచ్చారండీ” అని ఆవిడ లేచి, చీర సర్దుకుని, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. “మీరు మెకానిక్కా? ఆయన ఎవరు?”

“మా... సీనియరు” అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. మామగారంటే ఫోన్లు ఎలా మారాయో చెప్పాలి. అది చెబితే మోడల్ సంగతి వస్తుంది. నా నోరు అలవాటు ప్రకారం అడ్డదారి తొక్కింది.

ఆవిడ పళ్ళ డాక్టరు. ఆ భవనంలోనే ఏడో అంతస్తులో ఉంటుంది. ఊరుకునే మనిషి కాదు. మూడు రోజుల్లో మా కంపెనీకి ఒక ఉత్తరం రాసింది. మేనేజరు నన్ను పిలిచి గట్టిగా చదివాడు.

“‘మీ కంట్రోల్ రూములో ఉన్న పెద్దాయన దాదాపు అరగంట నాకు తోడుగా ఉన్నారు. వస్తామని చెప్పిన వేళకి ఒక నిమిషం ముందే వచ్చారు. లిఫ్టు కంపెనీ మనిషి నిజం చెప్పడం నా జీవితంలో ఇదే మొదటిసారి.’” కాగితం దించాడు. “మనకి కంట్రోల్ రూము ఎప్పుడు పెట్టాం?”

మా ఆఫీసు రెండు గదులు. ఒకదాంట్లో మేముంటాం, రెండోదాంట్లో పాత కప్పీలూ, పనిచెయ్యని ఒక ఫ్రిజ్జూ ఉంటాయి.

“మా మామగారండీ” అన్నాను.

“ఆయన నీ నంబరుకి వచ్చిన కాల్ ఎలా ఎత్తాడు?”

“ఆ రోజు నా ఫోను ఆయన దగ్గరుంది. ఆయనది నా దగ్గరుంది. రెండూ ఒకేలా ఉంటాయి.”

“నీ చేతిలో ఉన్నది మీ మామగారిదేనని నువ్వేగా చెప్పావు. మరి ఆయన దగ్గరున్నది ఎవరిది?”

“నాది.”

“అది సర్వీసులో కదా ఉంది. స్క్రీను విదేశాల నుంచి రావాలన్నావు.”

ఏ చివర పట్టుకున్నా చిక్కు విడేట్టు లేదు. ఆఖరికి అంతా చెప్పేశాను. తొమ్మిదో అంతస్తు, గొయ్యి, మధ్యరకం ఫోను, అన్నీ. మేనేజరు చివరిదాకా విని, అన్నీ వదిలేసి ఒక్కటే అడిగాడు.

“చొక్కా జేబులోనా?”

ఆ సాయంత్రానికి ఆఫీసులో నా పాత పేరు పోయింది. కొత్త పేరు ‘చొక్కా జేబు’. ఇది విని మురిసిపోయే మార్గం ఎంత వెతికినా దొరకలేదు.

మేనేజరు అక్కడితో ఆగలేదు. లిఫ్టుల్లో చిక్కుకున్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో మా అందరికీ ఒకసారి చెప్పమని మామగారిని పిలిపించాడు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నా స్కూటరు వెనక కూర్చుని వచ్చారు. పావుగంట మాట్లాడారు. ‘భయంగా ఉందా’ అని అడగొద్దన్నారు. అడిగితే మరిచిపోయినవాళ్ళకి కూడా గుర్తొస్తుందట. పట్టే సమయం ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. ఎదురుచూసే మనిషికి ఎక్కువసేపు కాదట కష్టం, ఎంతసేపో తెలియకపోవడమట. మేం ఆరుగురం విన్నాం. రాసుకున్నది నేనొక్కణ్ణే. ఆయన నా వైపు చూసినప్పుడల్లా ఇంకో వాక్యం రాశాను.

తిరిగొచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఇన్నాళ్ళూ లోపల నలుగుతున్నది అడిగేశాను.

“మామయ్యగారూ, మీ ఫోన్లో నా పేరు పక్కన ఏదో రాసి ఉందండీ.”

“చూశావా” అన్నారు వెనకనుంచి. “ఒకసారి పొయ్యి మీద పాలు పెట్టి నీకు ఫోన్ చేశాను బాబూ. నువ్వు బ్యాటరీ గురించి మొదలుపెట్టావు. గిన్నె మాడిపోయింది. మీ అత్తయ్యకి సమాధానం చెప్పుకోలేకపోయాను. అందుకని గుర్తు రాసుకున్నాను.” మళ్ళీ ఆయనే, “బాధపడితే తీసేస్తాను” అన్నారు.

“ఉంచండి” అన్నాను. దార్లో ఆగి వాళ్ళింట్లో ప్లగ్గు బిగించాను. నాలుగు నిమిషాల పని.

ఆ తరువాత వారం నాకే ఒక కాల్ వచ్చింది. ఒక కుర్చీల దుకాణంలో సరుకులెక్కించే లిఫ్టు ఆగింది. యజమాని లోపల చిక్కుకున్నాడు. నేర్చుకున్నదంతా చేసి చూపించాలని నాకు మహా ఉత్సాహంగా ఉంది. పద్దెనిమిది నిమిషాలు పడుతుందని నిజం చెప్పాను. భయంగా ఉందా అని అడగలేదు. స్కూటరు పక్కకి ఆపి, ఇప్పుడొక కథ చెప్పాలి అనుకున్నాను. తీరా చూస్తే నాకు కథలేమీ రావు. నాకు తెలిసింది లిఫ్టులే.

“మీరేం కంగారుపడకండి సార్. దానికి తాళ్ళు నాలుగుంటాయి. ఒకటి తెగినా మిగతా మూడు...”

“తాళ్ళు తెగుతాయా?” అన్నాడాయన.

“తెగవండీ. ఒకవేళ తెగినా కింద పట్టుకునే ఏర్పాటు ఒకటి...”

“బాబూ” అన్నాడాయన, చాలా మర్యాదగా. “మీరు మాట్లాడకుండా బండి నడపండి.”

నడిపాను. వెళ్ళేసరికి పందొమ్మిది నిమిషాలైంది. తలుపు తెరిచేసరికి ఆయన ఒక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సరుకు లిఫ్టు కదా, లోపల కుర్చీలకేం తక్కువ లేదు. చేతి గడియారం నా ముందు పెట్టి, ఒక నిమిషం ఎక్కువైందని చూపించాడు. క్షమించమని అడిగి, పక్కనున్న రెండో కుర్చీ బయటికి దించడానికి సాయం పట్టాను.